సర్వేలో అందరి మాటా వినిపించాలంటే: ఏ శాంప్లింగ్ ఎప్పుడు ఎంచుకోవాలి?

సర్వే చేద్దామనుకోగానే ఎవరైనా ముందు అడిగేది "శాంపిల్ ఎంతమందిని తీసుకోవాలి?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది: చివరికి మీకు కావలసింది మొత్తం జనాభాకు ఒకే ఒక్క అంకెనా, లేక ఒక్కో వర్గానికి విడివిడిగా నమ్మదగిన అంకెనా? ఇది తేలితే సింపుల్ ర్యాండమ్, సిస్టమాటిక్, స్ట్రాటిఫైడ్, క్లస్టర్, కోటా అనే పద్ధతుల్లో మీ పనికి ఏది పనికొస్తుందో సగం తేలిపోయినట్టే. ఇది తేల్చుకోకుండా "స్ట్రాటిఫైడ్ అయితే అందరికీ న్యాయం జరుగుతుందట" అని మొదలుపెడితే శ్రమ పెరుగుతుంది గానీ ఫలితం పెరుగుతుందన్న భరోసా లేదు.

న్యాయం అన్నాం కాబట్టి ఒక చిక్కు ఇక్కడే విప్పుకోవాలి. ప్రతి మనిషికీ శాంపిల్‌లోకి వచ్చే అవకాశం సమానంగా ఉండటం ఒక న్యాయం. ప్రతి వర్గమూ తన జనాభా నిష్పత్తిలోనే శాంపిల్‌లో కనబడటం ఇంకో న్యాయం. చిన్న వర్గం మాట కూడా పెద్ద వర్గం మాటంత స్పష్టంగా వినబడటం మూడోది. ఒకే శాంపిల్‌తో ఈ మూడూ సాధించడం సాధారణంగా కుదరదు. మూడోది కావాలంటే మొదటిది వదులుకోవాలి. పద్ధతులను పోల్చి చూడటమంటే చాలావరకు ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని లెక్కగట్టడమే.

ఒక లెక్క పెట్టుకుని మాట్లాడుకుందాం

ఒక విశ్వవిద్యాలయంలో 8,000 మంది విద్యార్థులు ఉన్నారనుకోండి. డిగ్రీ వాళ్లు 6,000, పీజీ వాళ్లు 1,600, పరిశోధక విద్యార్థులు 400. లైబ్రరీని అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచాలా అన్నది ప్రశ్న. 400 మందిని అడిగే స్తోమత ఉంది. అసలు నిజం మనకు ముందే తెలుసనుకుందాం: డిగ్రీ వాళ్లలో 30 శాతం, పీజీలో 60 శాతం, పరిశోధకుల్లో 90 శాతం "తెరవాలి" అంటారు. అందరినీ కలిపితే 39 శాతం.

మొదట సింపుల్ ర్యాండమ్ చూద్దాం. 8,000 పేర్లనూ ఒకే జాబితాలో పెట్టి, లాటరీ తీసినట్టు 400 పేర్లు తీస్తాం. ప్రతి ఒక్కరికీ 5 శాతం అవకాశం. ఎవరూ వేలెత్తి చూపలేని పద్ధతి. 95 శాతం నమ్మకంతో, అంటే ఇలాంటి సర్వే నూరుసార్లు చేస్తే 95 సార్లు నిలబడేలా చెప్పాలంటే, దీని ఎర్రర్ మార్జిన్ (అసలు అంకెకు మన అంకె ఎంత దూరం పోవచ్చన్నది) అటూ ఇటూ దాదాపు 4.8 పాయింట్లు. అంటే మనకు 39కి బదులు 35 రావచ్చు, 43 రావచ్చు. పరిశోధకులు సగటున 20 మంది రావాలి. కానీ లాటరీ లాటరీయే కాబట్టి ఒకసారి 12 మందే రావచ్చు, ఇంకోసారి 28 మంది రావచ్చు. 12 మందే వచ్చారనుకోండి, ఫలితాలు బయటపెట్టిన రోజున "మా వాళ్లను అడగనే లేదు" అని మొదట లేచేది వాళ్లే. గణితం ప్రకారం తప్పు జరగకపోయినా సర్వే మీద నమ్మకం పోతుంది.

స్ట్రాటిఫైడ్ పద్ధతిలో ఈ ఊగిసలాట ఉండదు. జాబితాను ముందే మూడు వర్గాలుగా విడదీసి, ఒక్కో దాంట్లోంచి విడిగా లాటరీ తీస్తాం. నిష్పత్తి ప్రకారం పంచితే డిగ్రీ నుంచి 300, పీజీ నుంచి 80, పరిశోధకుల నుంచి 20. ఈసారి ఎర్రర్ మార్జిన్ 4.5 పాయింట్లు.

4.8 నుంచి 4.5కి. అంతే. స్ట్రాటిఫైడ్ గురించి గొప్పగా విని వచ్చినవాళ్లు ఇక్కడ కాస్త నీరుగారిపోతారు. అలాగని తీసిపారేయాల్సినదీ కాదు. సింపుల్ ర్యాండమ్‌లో 400 మందిని అడిగితే వచ్చే కచ్చితత్వం ఇక్కడ సుమారు 350 మందితోనే వస్తుంది. యాభై ఇంటర్వ్యూల ఖర్చు మిగిలినట్టు. కానీ ఆ లాభం ఎక్కడి నుంచి వచ్చిందో గమనించండి. మూడు వర్గాల అభిప్రాయాలు 30, 60, 90 అని బాగా దూరదూరంగా ఉన్నాయి కాబట్టి వచ్చింది. అదే 36, 40, 45 అయి ఉంటే? అదే లెక్క మళ్లీ వేస్తే లాభం పావు శాతం దగ్గర ఆగిపోతుంది. అంటే ఏమీ లేనట్టే. వర్గాల మధ్య తేడా ఎంత ఎక్కువైతే, వర్గం లోపల మనుషులు ఎంత ఒకేలా ఉంటే, ఈ పద్ధతికి అంత బలం. తేడాలు లేని చోట విడదీస్తే నష్టమేమీ ఉండదు, పని మాత్రం పెరుగుతుంది.

చిన్న వర్గం గొంతు వినబడాలంటే

నిష్పత్తి ప్రకారం 20 మంది పరిశోధకులు వచ్చారు, బాగానే ఉంది. మరి వాళ్ల అభిప్రాయం ఇదీ అని రిపోర్టులో విడిగా రాయగలమా? 20 మందిలో సగం మంది ఒక మాట అన్నారంటే, ఎర్రర్ మార్జిన్ 22 పాయింట్లు. అసలు విలువ 28 శాతమైనా కావచ్చు, 72 శాతమైనా కావచ్చు. ఆ అంకెను అచ్చు వేయడం కన్నా వేయకపోవడమే మేలు. శాంపిల్‌లో తగిన వాటా దక్కినంత మాత్రాన ఆ వర్గం మాట వినబడినట్టు కాదని ఇక్కడ తెలుస్తుంది.

దీనికి మందు, చిన్న వర్గం నుంచి దాని వాటా కన్నా ఎక్కువ మందిని తీసుకోవడం. ఓవర్‌శాంప్లింగ్ అంటారు. అదే 400 మందిని ఇప్పుడు డిగ్రీ 200, పీజీ 100, పరిశోధకులు 100 అని పంచుదాం. పరిశోధకుల ఎర్రర్ మార్జిన్ 22 నుంచి 10 పాయింట్ల లోపుకు దిగుతుంది. మొత్తం జనాభా అంకెకు మాత్రం మార్జిన్ 4.5 నుంచి 5.1కి పెరుగుతుంది. నా లెక్కలో ఇది చాలా చవక బేరం. మొత్తం అంకెలో అర పాయింటు పైచిలుకు వదులుకుని, ఇంతవరకూ మాట్లాడలేని ఒక వర్గం గురించి మాట్లాడగలిగాం.

కానీ ఈ బేరానికి ఒక షరతు ఉంది, చాలా సర్వేలు బోల్తా పడేది ఇక్కడే. ఇలా తీసుకున్నాక 400 జవాబుల సగటు నేరుగా వేయకూడదు. వేస్తే ఏమవుతుందో చూడండి. డిగ్రీ 200 మందిలో 60 మంది "తెరవాలి" అన్నారు, పీజీ 100లో 60 మంది, పరిశోధకులు 100లో 90 మంది. మొత్తం 210. నాలుగు వందలకు 210 అంటే 52.5 శాతం. "సగానికి పైగా విద్యార్థులు అర్ధరాత్రి లైబ్రరీ కోరుతున్నారు" అని హెడ్డింగ్ పెట్టేయొచ్చు. అసలు నిజం 39 శాతం! మెజారిటీ, మైనారిటీ తారుమారైపోయాయి.

సరైన లెక్కకు ప్రతి జవాబుకూ ఒక వెయిట్ ఇవ్వాలి. వెయిట్ అంటే ఆ మనిషి జనాభాలో ఎంతమంది తరఫున మాట్లాడుతున్నాడు అన్నది. డిగ్రీలో 6,000 మందికి 200 మంది, కాబట్టి ఒక్కొక్కరూ 30 మంది తరఫున. పీజీలో 16, పరిశోధకుల్లో 4. ఇప్పుడు 60 ముప్పైలు 1,800, 60 పదహార్లు 960, 90 నాలుగులు 360. కలిపితే 3,120. దాన్ని 8,000తో భాగిస్తే 39 శాతం. సరిగ్గా వచ్చింది. ఓవర్‌శాంప్లింగ్ చేసిన సర్వేను వెయిట్ల సంగతి ఎత్తకుండా మీ ముందు పెడితే, ముందుగా దాని గురించే నిలదీయండి.

ఇక శాంపిల్ సైజు. ఎర్రర్ మార్జిన్ 5 పాయింట్ల లోపు ఉండాలన్నది లక్ష్యమైతే, మొత్తం 8,000 మందికి ఒకే అంకె చాలనుకున్నప్పుడు 367 మంది సరిపోతారు. అదే 5 పాయింట్లు మూడు వర్గాలకూ విడివిడిగా కావాలంటే డిగ్రీకి 362, పీజీకి 310, పరిశోధకులకు 197, కలిపి 870 దాకా కావాలి. ఖర్చు రెండింతల పైనే. 400 మంది ఉన్న వర్గంలో దాదాపు సగం మందిని అడగాల్సి వస్తోందని కూడా చూడండి. చిన్న వర్గం కదా, కొద్దిమంది చాలులే అనుకోవడం పెద్ద భ్రమ. ఒకే అంకెనా, వర్గానికో అంకెనా అని మొదట్లోనే అడగమన్నది ఇందుకే. డబ్బు ఎంతవుతుందో చెప్పేది ఆ జవాబే.

ఎంతమందిని ఏ వర్గం నుంచి తీసుకోవాలో తేల్చే ఇంకో దారి కూడా ఉంది. మొత్తం అంకె వీలైనంత కచ్చితంగా రావాలంటే, లోపల ఎక్కువ వైవిధ్యం ఉన్న వర్గం నుంచి ఎక్కువమందిని తీసుకోవాలి. 1934లో గణాంక శాస్త్రవేత్త యెర్జీ నేమన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో రాసిన వ్యాసంతో ఇది ప్రసిద్ధి అయింది. ఈ లెక్కను అంతకు ముందే రష్యన్ గణాంక శాస్త్రవేత్త చుప్రోవ్ కట్టి ఉన్నాడు. అవును-కాదు ప్రశ్నలకు దీనితో పెద్దగా ఒరిగేది లేదు. వర్గంలో 10 శాతం అవునన్నా, 50 శాతం అన్నా వైవిధ్యపు కొలత (స్టాండర్డ్ డీవియేషన్) 0.3 నుంచి 0.5 మధ్యనే తిరుగుతుంది. కానీ ఆదాయం, ఉత్పత్తి, ఉద్యోగుల సంఖ్య లాంటివి కొలిచేటప్పుడు దీని సత్తా తెలుస్తుంది. వెయ్యి సంస్థల్లో ఇరవై పెద్దవి కలిసి సగం మంది ఉద్యోగులను పెట్టుకుని ఉంటే, ఆ ఇరవైనీ లాటరీకి వదలకూడదు. ఇరవైనీ తప్పకుండా తీసుకుని, మిగతా 980లోంచి లాటరీ వేయాలి. సంస్థల సర్వేలు చేసేవాళ్లు ఏళ్ల తరబడి పాటిస్తున్న పద్ధతి ఇది.

దేని ఆధారంగా విడదీయాలి

వయసు, ఆడామగా, ప్రాంతం: ఈ మూడూ అలవాటుగా నోటికొస్తాయి. అలవాటు కాదు, మీ ప్రశ్నకు సంబంధం ముఖ్యం. అర్ధరాత్రి లైబ్రరీ గురించి అడిగేటప్పుడు ఏ కోర్సు అన్నదాని కన్నా, హాస్టల్లో ఉంటున్నారా ఇంటి నుంచి వస్తున్నారా అన్నదే ఎక్కువ తేడా చూపించవచ్చు. జవాబును ఏది మారుస్తుందని మీకు అనుమానమో దాని మీద విడదీయండి. దానికి తోడు, రిపోర్టులో ఏ వర్గానికి విడిగా అంకె ఇస్తామని మాటిచ్చారో దాని మీద.

రెండు షరతులు తప్పనిసరి. ఆ సమాచారం శాంపిల్ తీయకముందే జాబితాలో ప్రతి ఒక్కరికీ ఉండాలి. ప్రతి ఒక్కరూ ఏదో ఒక వర్గంలో, ఒకే ఒక్క వర్గంలో పడాలి. "తెలియదు" అని మిగిలిపోయినవాళ్లను పక్కన పడేయకండి, వాళ్లను ఒక వర్గంగా పెట్టి వాళ్ల నుంచీ తీయండి. జాబితాలో వివరాలు లేనివాళ్లు తరచుగా కొత్తగా చేరినవాళ్లో, చిరునామా మారినవాళ్లో అయ్యుంటారు. వాళ్లను వదిలేస్తే పక్షపాతం అక్కడే మొదలవుతుంది.

వర్గాలు ఎక్కువైతే ఎక్కువ న్యాయం అనుకుని ముక్కలు చేసుకుంటూ పోయేవాళ్లు ఉంటారు. మూడు స్థాయిలు, రెండు లింగాలు, ఐదు విభాగాలు అనుకుంటే అప్పుడే ముప్పై గళ్లు. 400 మందిని పంచితే గడికి 13 మంది. కొన్ని గళ్లలో ఒక్కరే మిగలవచ్చు. ఒక్కరే ఉన్న గడిలో వైవిధ్యాన్ని లెక్కగట్టడానికే వీలుండదు, కనీసం ఇద్దరు కావాలి. ఒకే లక్షణం మీద ఐదారు వర్గాలు దాటాక కచ్చితత్వంలో వచ్చే లాభం సాధారణంగా చాలా కొద్ది.

మిగతా పద్ధతులు ఎక్కడ నిలుస్తాయి

సిస్టమాటిక్ శాంప్లింగ్‌ను చిన్నచూపు చూస్తారు గానీ, నాకు ఇదంటే కాస్త ఇష్టమే. 8,000లో 400 కావాలంటే ప్రతి ఇరవయ్యో పేరూ తీయడం. మొదటి పేరు 1 నుంచి 20 లోపు లాటరీ ద్వారా వస్తుంది, అక్కడి నుంచి ఇరవై ఇరవై చొప్పున దూకుతూ పోవడమే. ఇందులో ఒక కిటుకు ఉంది. జాబితాను ముందే వర్గాల వారీగా, వాటిలో మళ్లీ విభాగాల వారీగా పేర్చి ఆ తర్వాత దూకితే, ప్రతి వర్గం నుంచీ నిష్పత్తి ప్రకారమే పేర్లు వచ్చేస్తాయి. ప్రత్యేకంగా విడదీయకుండానే స్ట్రాటిఫైడ్ లాభంలో చాలా భాగం చేతికందుతుంది. ప్రమాదమల్లా జాబితాలో దాక్కున్న వరుసక్రమంతోనే. హాస్టల్లో అంతస్తుకు 20 గదులు, ప్రతి అంతస్తులోనూ మొదటి గది మెట్ల పక్కన ఉందనుకోండి. మీ లాటరీలో 1 వచ్చిందంటే శాంపిల్ మొత్తం మెట్ల పక్క గదులే. శబ్దం గురించి సర్వే చేస్తే హాస్టల్ అంతా గోలగోలగా ఉందని తేలుతుంది!

క్లస్టర్ శాంప్లింగ్‌ను స్ట్రాటిఫైడ్‌తో కలగాపులగం చేసేవాళ్లు చాలామంది. రెండింటిలోనూ జనాభాను గుంపులు చేస్తాం కదా అంటారు. కానీ తర్వాత చేసే పని పూర్తిగా ఎదురు. స్ట్రాటిఫైడ్‌లో ప్రతి గుంపు నుంచీ కొందరిని తీసుకుంటాం, కాబట్టి గుంపు లోపల మనుషులు ఒకేలా ఉంటే మంచిది. క్లస్టర్‌లో కొన్ని గుంపులనే ఎంచుకుని వాటిలోకే వెళతాం, కాబట్టి ఒక్కో గుంపూ లోపల రకరకాల మనుషులతో ఉంటే మంచిది. చిక్కేమిటంటే నిజజీవితంలో ఒక తరగతి, ఒక వీధి, ఒక ఆఫీసు లోపలి మనుషులు ఎంతో కొంత ఒకేలా ఆలోచిస్తారు. క్లస్టర్‌కు అది నష్టం.

ఆ నష్టానికి లెక్క ఉంది, డిజైన్ ఎఫెక్ట్ అంటారు. ఒక్కో గుంపు నుంచి తీసుకున్నవాళ్ల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, గుంపు లోపలి పోలికతో గుణించి, ఒకటి కలపాలి. ఈ పోలిక సున్నా అంటే గుంపులో వాళ్ల మధ్య పోలికే లేదు, ఒకటి అంటే అందరూ అచ్చం ఒకేలా. అది 0.05 అనుకుందాం, చూడటానికి చిన్న అంకె. 20 తరగతుల నుంచి 20 మంది చొప్పున 400 మందిని తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1.95. అంటే మీ 400 జవాబులూ సింపుల్ ర్యాండమ్‌లోని 205 జవాబులకు సమానం. అదే 10 తరగతులకే వెళ్లి 40 మంది చొప్పున తీసుకుంటే 136కు పడిపోతుంది. కాబట్టి తక్కువ గుంపులు, ఎక్కువమంది అనే ప్లాన్ కన్నా ఎక్కువ గుంపులు, తక్కువమంది అనేదే ఎప్పుడూ మెరుగు.

ఇంత నష్టం తెలిసీ క్లస్టర్ ఎందుకంటే, మనుషుల జాబితా లేని చోట వేరే దారి ఉండదు. దేశం మొత్తంలో ఉన్న కుటుంబాల పేర్లు ఒకచోట దొరకవు, ఊళ్ల జాబితా దొరుకుతుంది. అందుకే పెద్ద సర్వేలు రెండింటినీ కలుపుతాయి. చాలా దేశాల్లో జరిగే డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేల్లో ముందు ప్రాంతాన్ని, అందులో గ్రామాలు-పట్టణాలను వర్గాలుగా విడదీస్తారు. ఒక్కో వర్గం నుంచి క్లస్టర్లను లాటరీతో తీస్తారు. ఎంపికైన క్లస్టర్‌లో ఇళ్లన్నీ జాబితా రాసి, మామూలుగా 25 నుంచి 30 కుటుంబాలను ఎంచుకుంటారు. క్లస్టర్ వల్ల పోయిన కచ్చితత్వంలో కొంత స్ట్రాటిఫికేషన్ తిరిగి తెచ్చిపెడుతుంది.

కోటా శాంప్లింగ్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది అచ్చం స్ట్రాటిఫైడ్ వేషంలో వస్తుంది. ఆడవాళ్లు ఇంతమంది, యువకులు ఇంతమంది అని అంకెలన్నీ నిష్పత్తి ప్రకారమే ఉంటాయి. తేడా ఒక్కటే: ఆ ఇంతమందిని ఎవరిని అన్నది లాటరీ తేల్చదు, సర్వేకు వెళ్లిన మనిషి తేలుస్తాడు. అతను సహజంగానే సులువుగా దొరికేవాళ్లను, నవ్వుతూ మాట్లాడేవాళ్లను, ఇంట్లో కుక్క లేనివాళ్లను ఎంచుకుంటాడు.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి బ్యాలెట్లు పంపింది. 23 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ దాదాపు 61 శాతం ఓట్లతో 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్ డైరెక్టరీలు, కారు యజమానుల జాబితాల్లాంటి వాటి నుంచి పేర్లు తీశారు. ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో అవి ఎవరి దగ్గర ఉంటాయి? దానికి తోడు, బ్యాలెట్ తిప్పి పంపినవాళ్లకూ పంపనివాళ్లకూ కూడా తేడా ఉంది. లక్షల జవాబులు వచ్చినా ఈ రెండు లోపాల ముందు నిలవలేదు. అదే ఎన్నికల్లో చాలా చిన్న కోటా శాంపిల్‌తో జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు. దాంతో కోటాకు ఎక్కడలేని పేరు వచ్చింది. ఆ పేరు పన్నెండేళ్లు నిలిచింది. 1948లో గాలప్, రోపర్, క్రాస్లీ అనే ముగ్గురు పోలింగ్ సర్వేల పెద్దలూ డ్యూయీ గెలుస్తాడన్నారు. ట్రూమన్ గెలిచాడు. ఎన్నికలకు చాలా ముందే పోలింగ్ ఆపేయడం ఒక కారణమైతే, ఎవరిని అడగాలో ఇంటర్వ్యూ చేసేవాడికి వదిలేయడం ఇంకో కారణం. కావాలని ఎంచి తీసిన శాంపిల్‌ను ఎందుకు నమ్మకూడదో, వర్గం లోపల లాటరీ ఎందుకు ఉండాలో నేమన్ వ్యాసం 1934లోనే చెప్పింది. అప్పట్లో పట్టించుకుంటే సరిపోయేది.

అయినా కోటాను పూర్తిగా చెత్తబుట్టలో వేయను. ప్రశ్నపత్రం అర్థమవుతోందా లేదా అని పరీక్షించడానికి, జాబితా అనేదే లేని చోట తొలి అంచనాకు అది పనికొస్తుంది. దాని పక్కన ఎర్రర్ మార్జిన్ అంకె రాయడం మాత్రం తప్పు.

మీ పరిస్థితికి ఏది

ముందు ఒక మాట. జనాభాయే నూట యాభై మంది అయితే శాంపిల్ గొడవ వదిలేసి అందరినీ అడిగేయండి.

పూర్తి జాబితా ఉంది, మొత్తానికి ఒకే అంకె చాలు, వర్గాల మధ్య పెద్ద తేడా ఉంటుందని అనుమానం లేదు అంటే సింపుల్ ర్యాండమ్ చాలు. ఇంకాస్త భద్రత కావాలంటే జాబితాను పేర్చి సిస్టమాటిక్‌గా తీయండి. జాబితాలో వర్గం వివరం ఉంది, తేడాలు ఉంటాయని తెలుసు, లేదా ఏ వర్గమూ మిస్ కాలేదని చూపించాల్సిన అవసరం ఉంది అంటే నిష్పత్తి ప్రకారం స్ట్రాటిఫైడ్. చిన్న వర్గాల గురించి విడిగా మాట్లాడాలంటే ఓవర్‌శాంప్లింగ్, వెయిట్లు తప్పవు. వెయిట్లు వేయగలవాళ్లు టీంలో లేకపోతే ఆ ప్రయత్నమే వద్దు, నిష్పత్తి ప్రకారం తీసుకుని చిన్న వర్గాల అంకెలు విడిగా ఇవ్వకుండా ఊరుకోండి.

జాబితా ఉంది గానీ అందులో ఎవరు ఏ వర్గమో లేదు, మొత్తం లెక్కలు మాత్రం వేరే చోట తెలుసు అన్నది తరచుగా ఎదురయ్యే పరిస్థితి. అప్పుడు సింపుల్ ర్యాండమ్ తీసి, వర్గం ఏమిటో ప్రశ్నపత్రంలోనే అడిగి, తర్వాత ఆ తెలిసిన మొత్తాలకు సరిపోయేలా వెయిట్లు సర్దండి. పోస్ట్ స్ట్రాటిఫికేషన్ అంటారు. శాంపిల్ కాస్త పెద్దదైతే నిష్పత్తి ప్రకారం స్ట్రాటిఫైడ్‌కు దాదాపు దగ్గరగా పని చేస్తుంది. కానీ చిన్న వర్గం నుంచి ఎంతమంది రావాలన్నది మీ చేతిలో ఉండదు.

మనుషుల జాబితా లేదు, ప్రయాణం ఖర్చు ఎక్కువ అంటే క్లస్టర్. క్లస్టర్లను వర్గాలుగా విడదీశాకే లాటరీ తీయండి, పైసా ఖర్చు లేకుండా వచ్చే లాభం అది.

ఒక సంగతి అన్నింటికీ వర్తిస్తుంది. జాబితాలోనే లేనివాళ్లను ఏ పద్ధతీ శాంపిల్‌లోకి తీసుకురాలేదు. పాత జాబితా మీద ఎంత చక్కటి స్ట్రాటిఫైడ్ శాంపిల్ తీసినా, మొన్న చేరినవాళ్ల అవకాశం సున్నాయే. పద్ధతి గురించి రెండు రోజులు చర్చించేవాళ్లు జాబితా శుభ్రం చేయడానికి ఒక పూట కూడా కేటాయించకపోవడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

చేతికి దిగాక

లాటరీ తీయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక కాలమ్‌లో వర్గం, పక్క కాలమ్‌లో లాటరీ అంకెలిచ్చే ర్యాండ్ ఫంక్షన్. ముందు వర్గం మీద, తర్వాత ఆ ర్యాండమ్ అంకె మీద సార్ట్ చేసి, ప్రతి వర్గంలో పై నుంచి కావలసినంతమందిని తీసుకుంటే సరి. సార్ట్ చేయకముందు ఆ అంకెలను కాపీ చేసి విలువలుగా అతికించడం మరవకండి. లేకపోతే షీట్‌లో ఏ చిన్న మార్పు చేసినా ఫంక్షన్ మళ్లీ తిరిగి అంకెలన్నీ మారిపోతాయి. రేపు ఎవరైనా "ఎలా ఎంచారు?" అని అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు.

ఎంపికైనవాళ్లు దొరక్కపోతే పక్కవాళ్లను అడిగేయడం అన్నిచోట్లా జరిగేదే. అలా చేస్తే స్ట్రాటిఫైడ్ కాస్తా కోటాగా మారిపోతుంది, అదీ ఎవరికీ తెలియకుండా. ఎన్నిసార్లు, ఏయే వేళల్లో మళ్లీ ప్రయత్నించాలో ముందే రాసిపెట్టుకోండి. జవాబులు తక్కువగా వస్తాయనుకున్న వర్గానికి మొదట్లోనే ఎక్కువ పేర్లు తీయండి. 200 జవాబులు కావాలి, పదిమందిలో ఆరుగురే స్పందిస్తారనుకుంటే 334 పేర్లు.

వెయిట్ కూడా చేరుకోవాలనుకున్నవాళ్లను బట్టి కాక, నిజంగా జవాబిచ్చినవాళ్లను బట్టి వేయాలి. డిగ్రీ వాళ్లలో 200 మందికి గాను 150 మందే స్పందిస్తే ఒక్కొక్కరి వెయిట్ 30 కాదు, 40. ఇలా చేస్తున్నామంటే జవాబివ్వని 50 మంది కూడా ఈ 150 మందిలాగే ఆలోచిస్తారని ఒప్పుకుంటున్నట్టే. అది నిజమో కాదో ఏ ఫార్ములా చెప్పదు. లైబ్రరీకి ఎప్పుడూ రానివాళ్లు లైబ్రరీ సర్వేకు జవాబిస్తారా? అనుమానమే. స్ట్రాటిఫైడ్ పద్ధతి ఈ పక్షపాతాన్ని వర్గాల మధ్య కొంత సర్దగలదు గానీ, వర్గం లోపల ఉన్నదాన్ని తీసేయలేదు.

చివరిగా విశ్లేషణ. మామూలు సగటు, మామూలు ఎర్రర్ మార్జిన్ ఇచ్చే మెనూలు ప్రతి డేటానూ సింపుల్ ర్యాండమ్ అనే అనుకుంటాయి. వర్గం ఏది, క్లస్టర్ ఏది, వెయిట్ ఏది అని వాటికి విడిగా చెప్పాలి. గణాంకాల సాఫ్ట్‌వేర్లలో, అంటే ఆర్‌లో సర్వే అనే ప్యాకేజీ, స్టాటాలో ఎస్‌వీవై కమాండ్లు ఉన్నది ఇందుకే. రిపోర్టులో వర్గానికొక వరుస పెట్టి జనాభా ఎంత, ఎంతమందిని ఎంచాం, ఎంతమంది జవాబిచ్చారు, వెయిట్ ఎంత అని నాలుగు అంకెలు అచ్చు వేయండి. చదివేవాళ్లు మీ 39 శాతాన్ని సొంతంగా సరిచూసుకోవడానికి ఆ పట్టిక, ఒక్కో వర్గం ఇచ్చిన జవాబుల శాతాలు ఉంటే చాలు.